ఎత్తని ఎర్ర కార్డు

కూటమిలో నన్నందరూ గంటమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది మా మేనమామ. సమావేశంలో ఎవరికైనా రెండే నిమిషాలు ఇవ్వాలని నేను పట్టుబట్టి, ఒక పాత సైకిల్ గంటను చెక్కముక్కకు బిగించి బల్లమీద పెట్టుకున్నాను. రెండు నిమిషాలు కాగానే మోగించేదాన్ని. మాట్లాడేది ప్రొఫెసరైనా, పత్రికాయనైనా, పెద్ద నాయకుడైనా ఒకటే. మామయ్య మొదటిసారి మాట్లాడినప్పుడు ఆయన మీద కూడా మోగించాను. "చిన్నప్పుడు నిన్ను భుజాన మోసి తిప్పినందుకు మంచి మర్యాదే చేశావు గంటమ్మా" అంటూ కూర్చున్నాడు. గదంతా ఒకటే నవ్వు. ఇంక ఆ పేరు నన్ను వదల్లేదు.

ఆ గంట ఎప్పుడో పోయింది. మామయ్య నా చేతికిచ్చిన ఎర్ర కార్డు మాత్రం ఇంకా నా సొరుగులో ఉంది. అరచేయంత అట్టముక్క. దాని సంగతి నేను ఆరేళ్ల క్రితమే చెప్పాల్సింది. చెప్పకుండా నీళ్లు నమిలాను. ఇప్పుడు చెబుతున్నందుకు నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు.

మా కూటమి ఆఫీసు ఒక ప్రింటింగ్ ప్రెస్ మీద మేడగది. కింద మిషన్ తిరుగుతున్నంతసేపూ నేల సన్నగా అదురుతుండేది, బల్లమీద టీ గ్లాసులు వాటంతటవే అంగుళం అంగుళం జరిగేవి. వాతావరణ న్యాయం కావాలని మొదలైన కుర్రకారు బృందాలు పదమూడు. కాలేజీల వాళ్లు, నది ఒడ్డున చెత్త ఏరేవాళ్లు, సైకిళ్లమీద తిరిగి ప్రచారం చేసే ఆడపిల్లలు, గాలిలో దుమ్మెంతుందో కొలిచి గోడలమీద అంకెలు రాసేవాళ్లు. మేమంతా సభ్యులం. మాకంటే వయసులో పెద్దవాళ్ల సంఘాలు నాలుగు. నర్సులు, బస్సు డ్రైవర్లు, చేపలు పట్టేవాళ్లు, థర్మల్ కేంద్రం కార్మికులు. వాళ్లని భాగస్వాములు అనేవాళ్లం. పేరు ఘనంగానే ఉండేది కానీ, మొదట్లో వాళ్లని పిలిచింది ఊరేగింపులో ముందు వరస నింపడానికీ, ఫొటోల్లో పెద్దరికం కనబడటానికీ మాత్రమే. నిర్ణయాలు మేం చేసి, వాళ్లకి ఆదివారం పొద్దున ఫోన్‌లో చెప్పేవాళ్లం.

దీనిమీద నేను పెద్ద రభసే చేశాను. బొగ్గు కేంద్రం మూసేయాలని మనం ఒక కాగితం మీద రాస్తే దెబ్బ తగిలేది ఎవరికో వాళ్లే గదిలో లేకపోతే అది ఏం న్యాయమని అడిగాను. నెల రోజులు అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరి, చివరికి కార్డుల పద్ధతి ఒప్పించాను. సభ్యులైనా భాగస్వాములైనా ప్రతి సంఘానికీ మూడు కార్డులు. ఆకుపచ్చది ఎత్తితే సరే అని. పసుపుదైతే అనుమానం ఉంది, ఇంకాస్త మాట్లాడుకుందామని. ఎరుపుదైతే ఈ నిర్ణయం మా కడుపు కొడుతుంది, ఆపండని. పదిహేడు సంఘాల్లో ఒక్క ఎర్ర కార్డు లేచినా చాలు, ఆ తీర్మానం వారం పాటు ఆగిపోతుంది. ఎవరైనా సమావేశానికి రాలేకపోతే తమ కార్డుని నమ్మకమైన మనిషి చేతికిచ్చి, దాన్ని ఎప్పుడు ఎత్తాలో చీటీమీద రాసివ్వొచ్చు. 'నమ్మకమైన మనిషి' అన్న మాట నేనే రాశాను.

మా తరఫున బయట మాట్లాడే కుర్రాణ్ని మైకు అని పిలిచేవాళ్లం. మంచివాడే, కాకపోతే కాళ్లకింద నిప్పులున్నట్టు ఎప్పుడూ తొందర. ఒక్క కార్డు పదహారు మందిని ఆపేస్తే ఇంక పని జరిగినట్టేనని వెక్కిరించాడు. అందుకే పెట్టానని జవాబిచ్చాను. అప్పుడు నాకు ఇరవైమూడేళ్లు. నేను తప్పు చేయగలనన్న ఊహ కూడా లేని వయసు.

మామయ్య మా అమ్మకి తమ్ముడు. నదికి అవతలి ఒడ్డున థర్మల్ కేంద్రంలో ఇరవైనాలుగేళ్లుగా బాయిలర్ ఆపరేటరు, కార్మిక సంఘానికి కార్యదర్శి. మా మేడగది కిటికీలోంచి చూస్తే ఆ కేంద్రం పొగగొట్టాలు మూడూ కనబడేవి. ఆయన్ని కూటమిలోకి తీసుకురావడానికి మూడు వారాలు వాళ్లింటి చుట్టూ తిరిగాను. "నా పొయ్యి ఆర్పే సభకి నన్నే పిలుస్తావేంటే కోడలా, నీ ధైర్యానికి దండం పెట్టాలి" అని నవ్వేవాడు. నాలుగో వారం తనంతట తనే వచ్చి, తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు. మావాళ్లు తెర మీద పొగ లెక్కలు చూపిస్తుంటే ఓపిగ్గా విన్నాడు. తన వంతు వచ్చినప్పుడు లేచి, ఇప్పటికీ నాకు పొల్లుపోకుండా గుర్తున్న మాట అన్నాడు.

"ఆ పొగ మీకు కిటికీలోంచి కనబడుతుంది. మాకు దగ్గినప్పుడు కనబడుతుంది. మూసేయొద్దని మేమూ అనం. మూసిన మర్నాడు పొద్దున్నే లేచి మేం ఎక్కడికెళ్లాలో చెప్పి, అప్పుడు మూయండి."

ఇంకా ఏదో చెప్పబోతుంటే నేను గంట మోగించాను. అదీ కథ.

ఆయన మాటే మా డిమాండ్లలో మూడో అంశమైంది. మొదటి అంశం కేంద్రం మూసివేత. రెండోది నదిలో పోసిన బూడిద తీసేయడం. మూడోది, పొయ్యి ఆర్పేలోగా అక్కడి మూడువందల పన్నెండు మంది కార్మికులకీ కొత్త పని నేర్పించి ఆ పనిలో పెట్టడం. పద్నాలుగు వారాలు కూర్చుని రాశాం. అది రాయడం ఒక ఎత్తు, మామయ్య చేసింది ఒక ఎత్తు. మూడు షిఫ్టుల్లోనూ మనిషి మనిషినీ పట్టుకుని, క్యాంటీన్లో, బస్టాపులో, లాకర్ల గదిలో మాట్లాడాడు. తమ కేంద్రాన్ని తామే మూయమని సంతకం పెట్టమనడం అంటే మాటలా.

అందరికంటే మొండికేసినవాడు బొగ్గు దించే క్రేను నడిపే ఆయన. నాకు వరసకేమీ కాకపోయినా బాబాయ్ అని పిలిచేదాన్ని. పిల్లకాయల మాటలు విని మన గొయ్యి మనం తవ్వుకోవాలా అని ఆయన గేటు దగ్గర అందరి ముందూ దెబ్బలాడాడట. మామయ్య జేబులోంచి కార్డు తీసి చూపించి, మూడో అంశాన్ని ఎవరు ముట్టుకున్నా ఇది లేస్తుంది, లేస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది, నా మాట నమ్మమన్నాడట. క్రేను బాబాయ్ రెండు రోజులు ఆలోచించి సంతకం పెట్టాడు. ఆయన వెనకే మిగిలినవాళ్లు. మూడువందల పన్నెండు సంతకాల కాగితాలు మామయ్య తెచ్చి బల్లమీద పెట్టినప్పుడు వాటి అంచులన్నీ బొగ్గు వేళ్లతో నల్లబడి ఉన్నాయి. నేను ఏడ్చేశాను. మైకు ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

అది జరిగిన రెండు వారాలకి, ఒక శుక్రవారం సాయంత్రం మామయ్య మా ఇంటికొచ్చాడు. బాయిలర్‌లో ఒక ట్యూబు కారుతోందనీ, బాగయ్యేదాకా లోపలివాళ్లని బయటికి వదలరనీ, ఫోన్లు ఎప్పట్లాగే గేటు దగ్గర పెట్టేయాలనీ చెప్పాడు. మర్నాటి సమావేశానికి రాలేడు. ప్రభుత్వం నుంచి ఏదో కబురు వస్తుందన్న పుకారు అప్పటికే ఉంది. అందుకని ఎర్ర కార్డు, దాంతోపాటు ఒక చీటీ నా చేతిలో పెట్టాడు. చీటీలో ఒకటే ముక్క: మూడో అంశం తీస్తే ఎత్తు.

అమ్మ కూడా అక్కడే ఉంది. ఆ నర్సుల పెద్దావిడకి ఇవ్వకపోయావా, ఇది అసలే సమావేశం నడిపే హడావిడిలో ఉంటుంది అంది. మామయ్య చెప్పులేసుకుంటూ, ఇంట్లో మనిషిని పెట్టుకుని బయటివాళ్ల దగ్గరకెందుకక్కా అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. కార్డుని నోటుపుస్తకంలో జాగ్రత్తగా పెట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి కబురు రానే వచ్చింది. విద్యుత్తు శాఖలో ఒక అధికారి పంపాడు. కేంద్రం మూసివేతని మంత్రి ఆ సాయంత్రం ఆరింటికే ప్రకటిస్తారు, దానికి కూటమి ఒప్పుకున్నట్టు ఐదింటిలోగా ఉత్తరం కావాలి. ఉత్తరం నమూనా కూడా వాళ్లే పంపారు. అందులో అంశాలు రెండే. కార్మికుల విషయానికి వేరే కమిటీ వేస్తారట.

పదహారు సంఘాల వాళ్లూ గదిలో ఉన్నారు. పత్రికలవాళ్లు కింద ప్రెస్సులో కాగితం కట్టలమీద కూర్చుని ఉన్నారు. మైకు గదిలో ఆ మూలనుంచి ఈ మూలకి తిరుగుతూ, మూడో అంశాన్ని మనం వదిలేయడం లేదు, ఉత్తరంలోంచి మాత్రమే తీస్తున్నాం, వచ్చే నెల కమిటీలో సాధించుకుందాం అన్నాడు. ఈ రోజు కాదంటే మళ్లీ ఏ మంత్రి ఎప్పుడు దొరుకుతాడన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. నేను థర్మల్ కేంద్రం గేటుకి మూడుసార్లు ఫోన్ చేశాను. ఆరింటికి షిఫ్టు దిగేదాకా ఎవరూ బయటికి రారనీ, లోపలికి కబురు పంపే వీలు లేదనీ కాపలా అతను మూడుసార్లూ అదే మాట చెప్పాడు.

నాలుగూ నలభైకి నేనే లేచి గంట కొట్టి కార్డులు అడిగాను. ఆకుపచ్చవి లేచాయి. బస్సు డ్రైవర్లు పసుపుది ఎత్తి, ఒకరి ముఖాలొకరు చూసుకుని దించేశారు. పద్ధతి ప్రకారం ఎరుపు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. అడిగాను. కార్డు నా ఎదురుగా, నోటుపుస్తకంలో, నా మోచేతి కిందే ఉంది. నేనే అడిగి నేనే ఊరుకున్నాను.

అప్పుడు నర్సక్క, అంటే ఆ నర్సుల సంఘం పెద్దావిడ, కళ్లజోడు సర్దుకుంటూ అడిగింది. "బాయిలర్ వాళ్ల కార్డు ఎవరి దగ్గరుందమ్మా?"

"నా దగ్గరే ఉందక్కా."

"ఏమంటారు వాళ్లు?"

"వాళ్లకేం అభ్యంతరం లేదు."

ఆవిడ తలూపి ఆకుపచ్చ కార్డు ఎత్తింది. ఐదింటికి పది నిమిషాల ముందు ఉత్తరం వెళ్లిపోయింది.

ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు తిరగేసుకున్నానో లెక్కలేదు. నన్నెవరూ బెదిరించలేదు. బతిమాలలేదు కూడా. మామయ్యే కదా, సాయంత్రం ఇంటికెళ్లి సర్దిచెప్పొచ్చు, నా మాట కాదంటాడా అనుకున్నాను, అంతే. అదే చేపలు పట్టేవాళ్ల కార్డో, డ్రైవర్లదో నా దగ్గరుంటే చచ్చినట్టు ఎత్తేదాన్ని. పరాయివాళ్ల సొత్తంటే ఉండే భయం సొంత మేనమామ దగ్గర లేకపోయింది. ఆయన నన్ను ఇంట్లో మనిషినని నమ్మాడు. నేనూ ఆయన్ని ఇంట్లో మనిషి కిందే జమకట్టి, మూడువందల పన్నెండు మంది నోరు నొక్కేశాను. ఈ పద్ధతి కనిపెట్టిన మనిషి తప్ప ఇంకెవరూ దీన్ని ఇంత సుళువుగా పాడు చేయలేరు.

ఆరున్నరకి మామయ్య మెట్లెక్కి వచ్చాడు. షిఫ్టు దిగి క్యాంటీన్‌లో టీవీ చూసి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చినట్టున్నాడు. కనుబొమ్మల మీద బూడిద అలాగే ఉంది. గదిలో చప్పట్లు, ఈలలు. ఎవరెవరో ఆయన్ని వాటేసుకుంటున్నారు. నర్సక్క ఆయన రెండు చేతులూ పట్టుకుని, మీవాళ్లది పెద్ద మనసన్నయ్యా, మూడో అంశం లేకపోయినా ఒప్పుకున్నారట కదా అంది.

మామయ్య నా వైపు చూశాడు. నేను గంట వైపు చూశాను.

"ఆఁ, ఒప్పుకున్నాం" అన్నాడు.

ఎవరో ఇచ్చిన టీ సగం తాగి, గ్లాసు బల్లమీద పెట్టి బయటికి నడిచాడు. వెనకే పరిగెత్తాను. మెట్ల మలుపులో ఆగాడు. కింద ప్రెస్ మిషన్ మా గెలుపు కరపత్రాలు అచ్చు వేస్తోంది. నెల రోజుల్లో మూడో అంశం తెస్తాను మామయ్యా అని గడగడా ఏదేదో చెప్పాను. కసురుకుంటాడేమో అనుకున్నాను. కసురుకుని ఉంటే బాగుండేది.

"ఇప్పుడు నిజం చెబితే నీ కూటమి ఈ పూటే ముక్కలైపోతుంది. మా వాళ్లకి నేనే ఒప్పుకున్నానని చెబుతాను. నువ్వు మాత్రం ఒకరోజు వచ్చి వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పు. అది నువ్వే చెప్పాలి."

వస్తానన్నాను. ఆ మాట కూడా నమ్మాడు.

కమిటీ వేశారు. మూడుసార్లు కూర్చుంది. రెండోసారి కూర్చున్నప్పుడు అధ్యక్షుడే రాలేదు. మూడోసారికి ఆ ఫైలు వేరే అంతస్తుకి వెళ్లిందన్నారు. నేను ఒక్కదాన్నే ఆ కార్యాలయం మెట్లు కాళ్లరిగేలా ఎక్కి దిగాను. కార్మికుల్ని వెంటబెట్టుకుని వెళ్లాలంటే ముందు వాళ్లకి ముఖం చూపించాలి కదా. మైకు ఒకసారి వచ్చి, రెండోసారికి ఏదో విదేశీ సదస్సుందని జారుకున్నాడు. ఐదు నెలలకి పొయ్యి ఆర్పేశారు. మా కిటికీలోంచి పొగ లేని గొట్టాలు మొదటిసారి కనబడిన రోజున గదిలో అందరం లేచి చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆ సంగతి కూడా రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు.

మూడువందల పన్నెండు మందిలో కొందరు వేరే పట్నాలకి పోయారు. నలభై మందికి సౌర పలకలు బిగించడం నేర్పి సర్టిఫికెట్లు ఇచ్చారు, పని మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇద్దరు మూటలు మోసే పనికెళ్లడం నా కళ్లతో చూసి రోడ్డు దాటి అటువైపు నడిచాను. మామయ్యని కార్యదర్శి పదవిలోంచి తీసేశారు. ఒకప్పుడు ఆదివారం వస్తే వాళ్ల వరండాలో చెప్పులు విడవడానికి చోటుండేది కాదు, ఇప్పుడు పలకరించే దిక్కు లేదని అత్తయ్య అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట నేను పక్కగదిలోంచి విన్నాను. మామయ్యకి నర్సక్క తన ఆసుపత్రి లాండ్రీలో చిన్న బాయిలర్ చూసే ఉద్యోగం ఇప్పించింది. ఏనుగుని నడిపిన చేత్తో మేకపిల్లని తోలుతున్నానని ఆయన నవ్వాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు కలిసినా కార్డు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొదట్లో మూడో అంశం చేతికి రానీ, అప్పుడు వెళ్లి చెబుదామనుకున్నాను. అది ఇంక రాదని తెలిశాక ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి అనుకున్నాను. చెప్పకపోవడానికి నాకు కారణాలు ఎప్పుడూ కరువు కాలేదు. అలా ఆరేళ్లు.

మైకు పెద్ద సంస్థలోకి వెళ్లిపోయాడు. కూటమి పలచబడింది. కార్డుల పద్ధతి మాత్రం ఎక్కడెక్కడికో పాకింది. దానిమీద నేను రాసిన చిన్న పుస్తకం పట్టుకుని కొత్త బృందాలు పిలుస్తుంటాయి, వెళ్లి పాఠం చెప్పి వస్తుంటాను. పోయిన నెల అలాగే ఒక బస్సు డిపో దగ్గరి కుర్రవాళ్లు పిలిచారు. డీజిల్ బస్సులు ఆపించాలని వాళ్ల ప్రయత్నం. డిపో మెకానిక్కులు ఇద్దరు వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు, అచ్చం తలుపు పక్కన కుర్చీలో మామయ్య కూర్చున్నట్టే. పాఠం అయ్యాక పందొమ్మిదేళ్ల పిల్ల ఒకతి చెయ్యెత్తి, ఇంకొకరు ఇచ్చిన కార్డుని ఎత్తకుండా వదిలేసినవాళ్లు ఎప్పుడైనా ఉన్నారా మేడమ్ అని అడిగింది.

"లేరు" అన్నాను.

ఆ పిల్ల తన పుస్తకంలో రాసుకుంది. వెనక కూర్చున్న మెకానిక్కుల్లో ఒకాయన, అయితే పరవాలేదన్నట్టు కట్టుకున్న చేతులు విడదీశాడు. ఆ చేతులు చూశాక నాకు ఇంక అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున సొరుగులోంచి కార్డూ చీటీ తీసుకుని క్రేను బాబాయ్ దగ్గరకి వెళ్లాను. పాత ఇనుము కొనే యార్డులో ఆయన ఇప్పుడు చిన్న క్రేను నడుపుతున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి యంత్రం ఆపి, నింపాదిగా కిందికి దిగి, అక్కడున్న ఇనప దూలం మీద కూర్చోమన్నాడు. మొదటి రెండేళ్లూ మా కేంద్రం ముక్కలే ఎత్తి లారీల్లో పోశానమ్మా అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నేను కార్డు బయటికి తీసి, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం ఆరున్నర దాకా మొత్తం చెప్పాను. మామయ్య ఏమీ ఒప్పుకోలేదనీ, అబద్ధమాడింది నేననీ, ఆయన్ని దోషిని చేసింది నేననీ చెప్పాను.

ఆయన చీటీ తీసుకుని, దూరంగా పట్టుకుని చదివి, మడిచి నా చేతిలో పెట్టాడు.

"ఇది మాకు తెలిసిందేగా తల్లీ."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు ట్యూబు దించడానికి లోపలికి నన్నే పిలిచారు. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా మీ మామ నా పక్కనే ఉన్నాడు. ఫోన్లన్నీ గేటు దగ్గర. ఇంక ఎవరితో ఒప్పుకున్నాడు? మధ్యాహ్నం అన్నం తింటూ కూడా చెప్పాడు, కార్డు మా కోడలి దగ్గరుంది, మనకేం దిగుల్లేదని."

అయితే ఆయన్నెందుకు తీసేశారని అడిగాను.

"మూడొందల మందిమి కూర్చోబెట్టి అడిగాం. నిజం చెప్పమన్నాం. నేనే ఒప్పుకున్నాను, నేనే ఒప్పుకున్నానని ఒకటే మాట. నిన్ను కాపాడుకున్నాడు. అలాంటప్పుడు మా తరఫున ఎట్లా నిలబడతాడు?" ఆయన కార్డు వైపు చూశాడు. "నువ్వొస్తావని చూశాం. రెండేళ్లు చూశాం. చిన్నపిల్ల, తప్పు చేసింది, వచ్చి చెబితే సరే అనుకుని, అందరం కలిసి ఆ కమిటీ ముందు కూర్చుందామనుకున్నాం. మూడొందల మందిమి నీ వెనక వచ్చేవాళ్లం. నువ్వేమో ఒక్కదానివే ఆ మెట్లు ఎక్కి దిగుతున్నావని విన్నాం."

అవతల లారీ వచ్చి హారన్ కొట్టింది. ఆయన లేచి, జాగ్రత్తగా వెళ్లమ్మా, కింద ఇనప ముక్కలుంటాయి అని చెప్పి క్రేను ఎక్కాడు.

అక్కణ్నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. లాండ్రీ వెనక భాగంలో ఉంటుంది. ఉతికిన దుప్పట్లు ఒక పక్క గుట్టలుగా, మడతపెట్టినవి ఒక పక్క వరసలుగా, మధ్యలో వేడి ఆవిరి. మామయ్య గుడ్డముక్కతో మీటరు అద్దం తుడుస్తున్నాడు. బాయిలర్ ఆయన భుజాల ఎత్తు కూడా లేదు. నన్ను చూసి, ఏంటి గంటమ్మా, ఈ వేళప్పుడు దారి తప్పావా అన్నాడు.

క్రేను బాబాయ్ దగ్గరకెళ్లి అంతా చెప్పేశానని చెప్పాను. అద్దం తుడిచే చెయ్యి ఆగింది.

"ఏమన్నాడు?"

"వాళ్లకి ముందే తెలుసట మామయ్యా. నేనొస్తానని రెండేళ్లు చూశారట."

ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టి బాయిలర్ పక్కన మేకుకి తగిలించాడు. మీటరు ముల్లు ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాడు.

"నేను మొన్నటిదాకా చూశాను కోడలా" అన్నాడు.

తర్వాత ఆవిరి వాల్వు తిప్పడానికి అటు తిరిగాడు. నేను కార్డు చేతిలో పట్టుకుని ఆ దుప్పట్ల వరసల పక్కనే నిలబడి ఉన్నాను.